లీవ్స్ అంటే ఆకులా, బయలుదేరడమా?
ఇంగ్లీషు మాట ఏ భాషాభాగమో పట్టుకునే పాఠం

ఫ్రెండ్స్, ఇది గ్రామర్ పాఠమే. భయపడి స్క్రోల్ చేసేయకండి. పోయిన సెమిస్టర్‌లో ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళే బస్సులో నేనూ నా రూమ్మేటూ కలిసి చేసుకున్న పాఠం ఇది. వాడి పర్మిషన్ తీసుకునే రాస్తున్నా, పేరు మాత్రం వద్దన్నాడు.

వాడిది దుమ్ముగూడెం వైపు, గోదావరి ఒడ్డున ఒక పల్లె. ఇంట్లో కోయ, ఆశ్రమ పాఠశాలలో తెలుగు, ఇంటర్ నుంచి ఇంగ్లీషు. అంటే ఇంగ్లీషు వాడికి మూడో భాష. సర్క్యూట్స్‌లో మాత్రం మా క్లాసులో ఎవరైనా వాడి తర్వాతే. ప్లేస్‌మెంట్స్‌కి ముందు ఒక మాక్ ఇంటర్వ్యూ జరిగింది. ప్యానెల్‌లో ఒకాయన "హౌ ఆర్ యూ ఫీలింగ్?" అని మామూలుగానే అడిగారు. వీడు "ఐ యామ్ వెరీ టెన్షన్ సర్. బట్ ఐ విల్ సక్సెస్" అన్నాడు. ఆయన నవ్వారు. వెనక కూర్చున్న మేమూ నవ్వాం, నేను కూడా. ఆ తర్వాత అడిగినవన్నీ ట్రాన్స్‌ఫార్మర్ మీద ప్రశ్నలు, వాడికి నిద్రలో లేపి అడిగినా వచ్చేవి. ఒక్కదానికీ నోరు విప్పలేదు.

ఆ రాత్రి "నేను డ్రైవ్‌కి రిజిస్టర్ చేసుకోనురా" అన్నాడు. లాస్ట్ డేట్ సోమవారం. శనివారం పొద్దున వాడు ఇంటికి బయలుదేరుతుంటే, నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి, నేనూ బస్సెక్కాను.

తప్పు ఎక్కడ పుట్టింది?

బస్సు ఖమ్మం దాటాక వాడే అడిగాడు. "తెలుగులో 'టెన్షన్‌గా ఉంది' అంటే ఎవరూ నవ్వరు కదా. 'సక్సెస్ అవుతా' అన్నా నవ్వరు. మరి ఇంగ్లీషులో అదే మాట అంటే నవ్వుతారెందుకు?"

ప్రశ్న సరైనదే. దీనికి జవాబు దొరికితే సగం పాఠం అయిపోయినట్టే.

తెలుగులో మనం ఇంగ్లీషు మాటని ఎలా వాడుతున్నామో చూడండి. 'ఫోన్ చేశాను', 'ఫెయిల్ అయ్యాడు', 'స్పీడుగా వచ్చాడు', 'సేఫ్టీగా వెళ్ళు', 'ఇంట్రెస్ట్ అయిన సబ్జెక్టు'. ఏ మాటనైనా తెచ్చుకుంటాం. వెనక 'చేయు' పెడితే క్రియ. 'అవు' పెట్టినా క్రియే. 'గా' తగిలిస్తే క్రియావిశేషణం. 'అయిన' తగిలిస్తే విశేషణం. అసలు ఇంగ్లీషులో ఆ మాట నామవాచకమా, క్రియా, విశేషణమా అని మనం చూడం. చూడాల్సిన అవసరం తెలుగులో లేదు. పనంతా మన తోక చేసేస్తుంది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, అదే మాటని మళ్ళీ ఇంగ్లీషు వాక్యంలో పెట్టేటప్పుడు తోక తీసేస్తాం. 'టెన్షన్‌గా ఉన్నా'లోంచి 'గా' పోయి 'ఐ యామ్ టెన్షన్' మిగులుతుంది. 'సక్సెస్ అవుతా'లోంచి 'అవుతా' పోయి 'ఐ విల్ సక్సెస్' మిగులుతుంది. టెన్షన్, సక్సెస్ రెండూ నామవాచకాలు. అక్కడ కావలసినవి ఒక విశేషణం, ఒక క్రియ: 'ఐ యామ్ టెన్స్', 'ఐ విల్ సక్సీడ్'. 'ఫాస్టుగా' నుంచి 'ఫాస్ట్‌లీ', 'స్పీడుగా' నుంచి 'స్పీడ్‌లీ' అని రాసేదీ ఇలాగే. ఆ రెండు మాటలూ ఇంగ్లీషులో లేవు. 'ఫాస్ట్' ఒక్కటే విశేషణంగానూ, క్రియావిశేషణంగానూ పనిచేస్తుంది.

కాబట్టి మనవాళ్ళు చేసే ఈ తప్పుల వెనక ఒక పద్ధతి ఉంది. ఆ పద్ధతి తెలిస్తే సరిదిద్దుకోవడమూ తేలికే.

తోకలు రాలిపోయిన భాష

బళ్ళో తెలుగు భాషాభాగాలు ఐదు చదువుకున్నాం: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఇంగ్లీషులో ఎనిమిది: నౌన్, ప్రొనౌన్, అడ్జెక్టివ్, వెర్బ్, అడ్వెర్బ్, ప్రిపోజిషన్, కంజంక్షన్, ఇంటర్‌జెక్షన్. ఈ లెక్క ఇంగ్లీషువాళ్ళు సొంతంగా వేసుకున్నది కాదు. గ్రీకు, లాటిన్ వ్యాకరణాల నుంచి వచ్చింది. ఆ రెండూ మాట చివర ప్రత్యయాలు మారే భాషలు. సంస్కృతానికి పాణిని వేసిన లెక్క కూడా ప్రత్యయాన్ని బట్టే: నామానికి చేరే ప్రత్యయాలు ఒక గుంపు, ధాతువుకి చేరేవి ఇంకో గుంపు. తెలుగులోనూ అంతే, చివర చూస్తే మాట పని తెలిసిపోతుంది.

'పండు' తీసుకోండి. తినే పండూ ఉంది, 'పంట పండు' అనే క్రియా ఉంది. అయినా వాక్యంలోకి వచ్చేసరికి 'పండుని', 'పండ్లు' అంటే నామవాచకం, 'పండింది', 'పండుతుంది' అంటే క్రియ. ఎవరికీ తికమక రాదు.

ఇంగ్లీషుకి కూడా వెయ్యేళ్ళ కిందట ఇలాంటి తోకలు ఉండేవి. పాత ఇంగ్లీషులో ప్రేమ అనే నామవాచకం 'లుఫు', ప్రేమించు అనే క్రియ 'లుఫియన్'. కాలక్రమంలో తోకలు అరిగిపోయి రెండూ 'లవ్' అయి కూర్చున్నాయి. ఇలా చాలా మాటలకు జరిగింది. అందుకే ఇంగ్లీషు మాటని విడిగా చూపించి "ఇది ఏ పార్ట్ ఆఫ్ స్పీచ్?" అని అడిగితే చాలాసార్లు జవాబుండదు. "ఏ వాక్యంలో?" అని తిరిగి అడగాలి.

మొదటి పరీక్ష: సీటు

కొత్తగూడెం వచ్చింది. సింగరేణి హెడ్డాఫీసు ఉన్న ఊరు. 'మైన్' అనే మాట తీసుకున్నాం.

'దిస్ ఈజ్ ఎ కోల్ మైన్.' బొగ్గు గని. నౌన్.
'దే మైన్ కోల్ హియర్.' తవ్వుతారు. వెర్బ్.
'దిస్ బ్యాగ్ ఈజ్ మైన్.' నాది. ప్రొనౌన్.

మాటలో ఒక్క అక్షరం మారలేదు. సీటు మారింది, అంతే. తర్వాత పాల్వంచ, థర్మల్ కేంద్రం పొగ గొట్టాలు కనిపించాయి. 'ద పవర్ ప్లాంట్ ఈజ్ హియర్' అంటే నౌన్. 'వుయ్ ప్లాంట్ ట్రీస్ ఇన్ జులై' అంటే వెర్బ్.

సీటు ఎలా గుర్తుపట్టాలి? మన ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం కదా. ఇంగ్లీషులో 'ఎ', 'యాన్', 'ద', 'మై' అలాంటి కర్చీఫ్‌లే. అవి కనబడ్డాయంటే ఆ సీటు నౌన్‌ది. మధ్యలో అడ్జెక్టివ్ దూరొచ్చు ('ద ఓల్డ్ మైన్'), అయినా చివరికి నౌన్ వచ్చి కూర్చోవాల్సిందే.

'విల్', 'కెన్', 'మస్ట్', 'డోంట్' తర్వాత వచ్చే ప్రధానమైన మాట వెర్బ్. మధ్యలో 'నాట్', 'ఆల్వేస్' లాంటివి దూరినా సరే. అందుకే 'ఐ విల్ సక్సెస్' కుదరదు, వెర్బ్ సీట్లో నౌన్ కూర్చుంది. 'టు' దగ్గర కొంచెం జాగ్రత్త. 'టు టెస్ట్ ద మోటార్' అంటే వెర్బ్, 'టు భద్రాచలం' అంటే ఊరి వైపు, అక్కడ 'టు' ప్రిపోజిషన్. మన 'కి', 'లో', 'మీద' మాట వెనక వస్తాయి, వాళ్ళవి ముందొస్తాయి, అంతే తేడా.

ఒక నౌన్ ఇంకో నౌన్ ముందు కూర్చునేది కూడా ఉంది: 'ఫారెస్ట్ రోడ్', 'ఫ్లడ్ వాటర్'. తెలుగులో 'అడవి దారి', 'వరద నీరు' అన్నట్టే. అడ్జెక్టివ్ పని చేస్తోంది కానీ మాట నౌనే. అనుమానం వస్తే ముందు 'వెరీ' పెట్టి చూడండి. 'వెరీ డీప్ వాటర్' కుదురుతుంది, 'వెరీ ఫ్లడ్ వాటర్' కుదరదు. 'వెరీ' పట్టని అడ్జెక్టివ్‌లూ కొన్ని ఉన్నాయి ('ఎలక్ట్రికల్' లాంటివి), కానీ 'వెరీ' పట్టిందంటే అది నౌన్ మాత్రం కాదు.

రెండో పరీక్ష: మిగిలిన తోకలు

ఇంగ్లీషులో తోకలు పూర్తిగా పోలేదు. కొన్ని మిగిలాయి, కొన్ని లాటిన్ నుంచి, ఫ్రెంచి నుంచి కొత్తగా వచ్చాయి.

నౌన్ తోకలు: షన్, మెంట్, నెస్, ఇటీ, ఎన్సీ. ఇండక్షన్, మెజర్‌మెంట్, హార్డ్‌నెస్, కెపాసిటీ, ఎఫిషియెన్సీ.
వెర్బ్ తోకలు: ఐజ్, ఇఫై. మాగ్నెటైజ్, యాంప్లిఫై.
అడ్జెక్టివ్ తోకలు: ఫుల్, లెస్, అబుల్, ఇవ్, అల్. యూజ్‌ఫుల్, వైర్‌లెస్, పోర్టబుల్, రెసిస్టివ్, థర్మల్.
అడ్వెర్బ్ తోక: లీ. స్లోలీ, ఆటోమేటిక్‌లీ.

మన ల్యాబ్ రికార్డుల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇక్కడిదే: 'దిస్ మోటార్ ఈజ్ వెరీ ఎఫిషియెన్సీ'. 'వెరీ' తర్వాత 'ఎన్సీ' తోక కనబడగానే మీ చెయ్యి ఆగాలి. 'వెరీ ఎఫిషియెంట్' అనో, 'హై ఎఫిషియెన్సీ' అనో రాయాలి.

తోకని పూర్తిగా నమ్మొద్దు. 'ఫ్రెండ్లీ', 'కాస్ట్లీ' చివర లీ ఉన్నా అడ్జెక్టివ్‌లే. 'సిగ్నల్', 'టెర్మినల్', 'అప్రూవల్' చివర అల్ ఉన్నా సాధారణంగా నౌన్‌లే. తోక అనుమానం పుట్టిస్తుంది, సీటు తేలుస్తుంది.

మూడో పరీక్ష: తెలుగు మీటర్

ఇది మనకి మాత్రమే ఉన్న పరికరం. ఇంగ్లీషు మాట పని ఇంగ్లీషులో కనబడకపోతే, వాక్యాన్ని తెలుగు చేసి తోక చూడండి. మల్టీమీటర్ పెట్టినట్టే.

'ఇంగ్' చివర ఉన్న మాటలతో చూద్దాం. పరీక్షల్లో అందరినీ ముంచేవి ఇవే.

'వాటర్ ఈజ్ రైజింగ్.' నీరు పెరుగుతోంది. 'తోంది' వచ్చింది, క్రియ.
'రైజింగ్ వాటర్ ఈజ్ డేంజరస్.' పెరుగుతున్న నీరు ప్రమాదం. 'తున్న' వచ్చింది, విశేషణం.
'స్విమ్మింగ్ హియర్ ఈజ్ డేంజరస్.' ఇక్కడ ఈదడం ప్రమాదం. 'అడం' వచ్చింది, నామవాచకం.

ఇంగ్లీషు ఒకే 'ఇంగ్'తో సరిపెట్టుకున్నచోట తెలుగు మూడు తోకలు వాడుతోంది. మనం తడుముకోవాల్సిన పనే లేదు.

'గా' విషయంలో ఒక చిన్న నియమం గుర్తుపెట్టుకోండి. 'గా' తర్వాత 'ఉండు' వస్తే ఇంగ్లీషులో అడ్జెక్టివ్ వాడాలి: నీళ్ళు చల్లగా ఉన్నాయి, 'ద వాటర్ ఈజ్ కోల్డ్'. 'గా' తర్వాత ఇంకో పని వస్తే సాధారణంగా అడ్వెర్బ్: నెమ్మదిగా నడిచాడు, 'హీ వాక్డ్ స్లోలీ'. 'ఫీల్', 'లుక్', 'బికమ్' కూడా 'ఉండు' లాంటివే, వాటి తర్వాత అడ్జెక్టివ్ వస్తుంది.

ఒక్క షరతు. మీటర్ పెట్టేటప్పుడు ఇంటి మాటలే వాడాలి. 'టెన్షన్‌గా ఉంది' అని పెడితే మీటర్ తప్పు చూపిస్తుంది, ఎందుకంటే అందులో ఇంగ్లీషు మాటే ఉంది. 'కంగారుగా ఉంది' అని పెట్టండి. 'గా ఉంది' వచ్చింది కాబట్టి అడ్జెక్టివ్ కావాలి: 'ఐ యామ్ నర్వస్'.

ఇది విన్నాక వాడు "కోయలో పెట్టినా పనిచేస్తదిరా" అన్నాడు. రెండు మూడు వాక్యాలు కోయలో చెప్పి చూపించాడు కూడా. పనిచెయ్యాలి మరి, కోయ కూడా తెలుగులాగే ద్రావిడ భాష, మాట చివర ప్రత్యయాలు చేర్చే భాష. గోదావరి ఒడ్డు గొమ్ము కోయ మీద స్టీఫెన్ టైలర్ రాసిన వ్యాకరణాన్ని 1969లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ అచ్చువేసింది. ఈ సంగతి చెబితే వాడు కాసేపు నమ్మలేదు. "మా భాషకి గ్రామర్ పుస్తకమా?" అన్నాడు.

నాలుగో పరీక్ష: చెవి

కొన్ని జంటలు స్పెల్లింగులో ఒకటే, పలకడంలో వేరు. నౌన్ అయితే మొదటి ముక్క గట్టిగా పలుకుతారు, వెర్బ్ అయితే రెండోది. ల్యాబ్‌లో ఇచ్చేది 'రెకార్డ్', రీడింగులు రాసుకోవడం 'రికార్డ్'. బర్త్‌డేకి ఇచ్చేది 'ప్రెజెంట్', సెమినార్ ఇవ్వడం 'ప్రిజెంట్'. ఇంకొన్నిట్లో చివరి శబ్దం మారుతుంది. ఉపయోగం 'యూస్', ఉపయోగించడం 'యూజ్'. సలహా 'అడ్వైస్', సలహా ఇవ్వడం 'అడ్వైజ్'. తెలుగు లిపిలో రాసుకుంటే ఈ తేడా కంటికే కనబడుతుంది.

వంతెన మీద

సారపాక దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి ఎండ వాలింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3.

ఆ 2022 వరద అప్పుడు వాడు పునరావాస కేంద్రంలో ఉన్నాడు. వాట్సాప్‌లో వచ్చే బులెటిన్లు కొన్ని తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో ఉండేవట. ఇంగ్లీషువి వాడే చదివి, పెద్దవాళ్ళకి కోయలో చెప్పేవాడు. 'ఎ రైజ్ ఆఫ్ టూ ఫీట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్', 'ద లెవెల్ ఈజ్ లైక్లీ టు రైజ్', 'ద లెవెల్ రోజ్ బై టూ ఫీట్' ఇలాంటివి.

"రెండడుగులు పెరిగిందా, పెరగబోతోందా అన్నది తప్పు చెప్తే ఎట్లా? గొడ్లని పైకి తోలాల్నా వద్దా అన్నది దాని మీదే ఉంటది" అన్నాడు.

"మరి ఎప్పుడైనా తప్పు చెప్పావా?"

"లేదు. ముందర 'ఎ' ఉంటే పెరుగుదల. 'టు' ఉంటే ఇంకా పెరగాలి. 'రోజ్' అంటే పెరిగిపోయింది. అంతే కదా."

అంతే. పొద్దుటి నుంచి నేను సీటు, కర్చీఫ్ అని చెబుతున్న పాఠం వాడికి నాలుగేళ్ళ కిందటే వచ్చు. 'లైక్లీ' చివర లీ ఉన్నా అక్కడ అది అడ్జెక్టివ్ అని కూడా వాడు పేరు తెలియకుండానే పట్టుకున్నాడు. ఒక మాక్ ఇంటర్వ్యూలో రెండు మాటల దగ్గర తడబడితే నవ్విన మాలో, వరదలో పల్లె మొత్తానికి బులెటిన్ చదివి చెప్పగలిగేవాళ్ళు ఎంతమంది?

మీకు కొంచెం పని

కింది వాక్యాల్లో చెప్పిన మాట ఏ భాషాభాగమో చూడండి. ముందు సీటు, తర్వాత తోక, అనుమానం వస్తే తెలుగు మీటర్.

1. 'ద బస్ లీవ్స్ ఎట్ ఫైవ్.' ఇందులో లీవ్స్.
2. 'వుమెన్ కలెక్ట్ ద లీవ్స్ ఇన్ మే.' ఇందులో లీవ్స్.
3. 'ద గోదావరి ఫ్లడ్స్ దీస్ ఫీల్డ్స్.' ఇందులో ఫ్లడ్స్.
4. 'ద డామేజ్డ్ రోడ్ ఈజ్ లాంగ్.' ఇందులో డామేజ్డ్.
5. 'టెస్ట్ ద సర్క్యూట్ బిఫోర్ ద టెస్ట్.' ఇందులో రెండు టెస్ట్‌లు.
6. 'హీ వర్క్స్ హార్డ్ ఆన్ హార్డ్ రాక్.' ఇందులో రెండు హార్డ్‌లు.

జవాబులు: 1. వెర్బ్, 'బయలుదేరుతుంది'. 2. నౌన్, తునికాకులు, ముందు 'ద' కర్చీఫ్ ఉంది. 3. వెర్బ్, 'ముంచుతుంది'. 4. అడ్జెక్టివ్, 'పాడైన' రోడ్డు. 5. మొదటిది వెర్బ్, 'పరీక్షించు', రెండోది నౌన్. 6. మొదటిది అడ్వెర్బ్, 'కష్టపడి' పనిచేస్తాడు. రెండోది అడ్జెక్టివ్, 'గట్టి' రాయి.

ఆదివారం నేను వెనక్కి వచ్చేశాను. సోమవారం రాత్రి పదకొండున్నరకి వాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: 'రిజిస్టర్డ్. ఐ యామ్ నర్వస్.' దాని కిందే ఇంకోటి: 'ఇందులో రిజిస్టర్డ్ వెర్బా, అడ్జెక్టివా? చెప్పు చూద్దాం.'

రిజిస్టర్ చేసుకున్నాను అనుకుంటే వెర్బ్. రిజిస్టర్ అయి ఉన్నాను అనుకుంటే అడ్జెక్టివ్. ముందు 'ఐ హావ్' ఉందా, 'ఐ యామ్' ఉందా అన్నది వాడు రాయలేదు. నేను ఇంకా జవాబు పెట్టలేదు. మీరేమంటారు?